సీపీయూ ఖాళీ, లోడ్ మాత్రం ఇరవై!

గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే ఒక పాఠకుడు అడిగారు: "రాత్రి రెండింటికి బ్యాకప్ మొదలవగానే మా నాలుగు కోర్ల సర్వర్‌లో లోడ్ 20 దాటుతోంది. సీపీయూ చూస్తే ఖాళీ. ఏది నమ్మాలి?"

రెండూ నమ్మాలి. లోడ్ అంటే పని చేస్తున్న, పని కోసం ఆగిన ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) సగటు లెక్క. సీపీయూ కోసం క్యూ కట్టిన ప్రాసెస్‌లనే కాదు, డిస్క్ నుంచి జవాబు రాక ఆగిపోయినవాటినీ లినక్స్ లోడ్‌లో కలుపుతుంది. 1993 నుంచీ అంతే. ఈ ముక్క చెప్పకుండా "లోడ్ కోర్ల సంఖ్య దాటకూడదు" అని మాత్రమే నేర్పితే, పిల్లలు అదొక శకునంలా పట్టుకుంటారు. అంకె పెరగగానే రీస్టార్ట్, ఆపైన పెద్ద ప్రాసెసర్!

బేగంబజార్‌లో ఒక కిరాణా కొట్టు అనుకోండి. గల్లా దగ్గర సేటు, గోదాము నుంచి సరుకు తెచ్చే హమాలీ ఒక్కడే. సేటు సీపీయూ, హమాలీ డిస్క్. బ్యాకప్ అంటే గోదాములోని ప్రతి పొట్లాన్నీ ఒక్కొక్కటిగా అడిగే బేరం. హమాలీ మూలమూలకీ తిరుగుతుంటే సేటు ఖాళీగా కూర్చుంటాడు, గుమ్మంలో జనం పెరుగుతారు. లోడ్ లెక్కపెట్టేది ఆ జనాన్ని. బస్తాలకు బస్తాలు వరసగా మోయడం హమాలీకి తేలిక. చిల్లర పొట్లాలే ప్రాణం తీస్తాయి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌కి ఒక చుట్టు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తిరిగి వచ్చేసరికి సగటున అందులో సగం పోతుంది, డేటా చదివే హెడ్ జరగడానికి ఇంకొన్ని. సెకనుకు సుమారు వంద చిల్లర రీడ్‌లు, అంతే. పైగా సేటు చేతికందేలా అరల్లో పెట్టుకున్న సరుకు, అంటే మెమరీలోని పేజ్ క్యాష్, బ్యాకప్ తెచ్చే పొట్లాలకు చోటివ్వడానికి ఖాళీ కావచ్చు. అప్పుడు మామూలు బేరాలకూ గోదాముకే పరుగు. బ్యాకప్ అయిపోయాక కూడా సైట్ కాసేపు నెమ్మదిగా ఉండేది అందుకే.

ఈ కమాండ్లలో చూడవలసినవి: టాప్‌లో 'డబ్ల్యూఏ' శాతం (డిస్క్ కోసం సీపీయూ ఖాళీగా ఆగిన సమయం), పీఎస్‌లో 'డి' స్థితిలో ఉన్న, అంటే డిస్క్ జవాబు కోసం ఆగిన ప్రాసెస్‌లు, ఐఓస్టాట్‌లో అవెయిట్ (డిస్క్ ఒక్కో పనికి సగటున తీసుకునే సమయం). 'డి'లో ఉన్నవి బ్యాకప్‌వి మాత్రమే అయితే టెన్షన్ అక్కర్లేదు. డేటాబేస్ కూడా అందులో ఉంటే బ్యాకప్‌ని అయోనైస్ కమాండ్‌తో ఐడిల్ క్లాస్‌లో, అంటే డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే వంతు వచ్చేలా, నడపండి. కానీ డిస్క్ షెడ్యూలర్ (డిస్క్ పనుల వరస నిర్ణయించేది) బీఎఫ్‌క్యూ లాంటిది కాకపోతే దానివల్ల లాభం ఉండదు. అప్పుడు, బ్యాకప్‌కి ఫైళ్లు కాపీ చేసేది ఆర్‌సింక్ అయితే, దానికి బ్యాండ్‌విడ్త్ (సెకనుకు పంపే డేటా) పరిమితి పెట్టడం ఒక దారి.

డెబియన్ అనే లినక్స్ రకంలో సాఫ్ట్‌వేర్ రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) వాడుతుంటే ఇంకొకటి. నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక డిస్కుల తనిఖీ దానంతటదే మొదలవుతుంది, గంటల తరబడి సాగుతుంది. లోడ్ ఆ రాత్రే ఎక్కువగా ఉంటే, ఆ ఒక్క రోజుకు బ్యాకప్ వేళ మార్చండి.