కారు ఏసీ చల్లగా రావట్లేదా? గ్యాస్ మీద నింద వేసేముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ సగం దాటిందంటే మహారాష్ట్రలో బొగ్గు గనులున్న బల్లార్షా, రాజురా, చంద్రపూర్ వైపు కారు ఏసీ పని చేసే మాలాంటివాళ్ళకు అన్నం తినే తీరిక దొరకదు. వచ్చే ప్రతి బండిదీ ఒకటే మాట: "అన్నా, గ్యాస్ అయిపోయినట్టుంది, జర కొట్టు." బానెట్ ఎత్తకముందే రోగమూ మందూ రెండూ వాళ్ళే చెప్పేస్తారు. గ్యాస్ ఒత్తిడి చూపే గేజ్ పెట్టి చూస్తే చాలా బండ్లలో గ్యాస్ ఉండాల్సినంతే ఉంటుంది. కొన్నింట్లో ఎక్కువే ఉంటుంది, పోయిన ఎండాకాలం ఎవరో కొట్టి పంపిన పుణ్యం.

మన దగ్గర మే నెలలో 45, 46 డిగ్రీలు మామూలు. రోహిణి కార్తెలో ఇంకా పైకే. దానికి తోడు బొగ్గు దుమ్ము. ఈ రెండూ కలిసిన చోట తిరిగే బండికి, ఇంకెక్కడో తిరిగే బండికి ఇచ్చిన సలహా సగమే పనికొస్తుంది.

అపోహ: చల్లదనం తగ్గిందంటే గ్యాస్ తగ్గినట్టే

గ్యాస్ దానికదే చల్లటి వస్తువు కాదు. అది మూటలు మోసే హమాలీ లాంటిది. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్ దగ్గర వేడిని ఎత్తుకుంటుంది, రేడియేటర్ ముందుండే కండెన్సర్ దగ్గర దించుతుంది. దించాలంటే కండెన్సర్‌లో ఉన్న గ్యాస్ బయటి గాలి కన్నా బాగా వేడిగా ఉండాలి. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్ సంగతే చూడండి. బయట 28 డిగ్రీలు ఉన్నప్పుడు అది 45 డిగ్రీల దగ్గర ద్రవంగా మారిపోతుంది, హై సైడ్ (ఎక్కువ ఒత్తిడి ఉండే కండెన్సర్ వైపు) గేజ్ 150 పీఎస్ఐ అటూ ఇటూ చూపిస్తుంది. బయట 46 ఉంటే గ్యాస్ 65 దాకా కాగాలి, అప్పుడు అదే గేజ్ 250 దాటుతుంది. అది జబ్బు కాదు, ఎండ లెక్క.

కాబట్టి ఇక్కడి ఎండలో కండెన్సర్ ముందే అంచు మీద పనిచేస్తుంటుంది. దాని మీద కాస్త దుమ్ము పట్టినా, ఫ్యాన్ కాస్త నెమ్మదించినా గేజ్ 300 దాటి 350 వైపు పరుగెడుతుంది. మరీ పెరిగితే ప్రెషర్ స్విచ్, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌ని ఆపేస్తుంది. "కాసేపు చల్లగా వస్తది, కాసేపు ఉత్త గాలి వస్తది" అని కస్టమర్లు చెప్పేది చాలాసార్లు ఇదే.

ఆ బండికే ఇంకో వంద గ్రాములు కొడితే ఏమవుతుంది? కండెన్సర్ గొట్టాల్లో ద్రవం నిలబడిపోయి, వేడి దించే జాగా ఇంకా తగ్గుతుంది. ఉన్న చల్లదనం కూడా పోతుంది. చిన్న కార్లలో మొత్తం పట్టేదే సుమారు 350 నుంచి 550 గ్రాములు. ఎంత పట్టాలో చాలా బండ్లకు బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. గేజ్ ముల్లు చూసి అందాజుగా కొట్టేవాళ్ళ దగ్గరికి పోకండి. ఉన్న గ్యాస్ తీసేసి, కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టి (లోపలి గాలి, తేమ పంపుతో లాగేసి), కాంటా మీద తూచి ఎక్కించేవాళ్ళను వెతుక్కోండి.

అపోహ: వాటర్ వాష్ చేయించాను, కండెన్సర్ శుభ్రంగానే ఉంది

ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. ఘుగ్గుస్, సాస్తి గనుల దారిలో బొగ్గు లారీల వెనక తిరిగే బండ్లలో కండెన్సర్ బోల్టులు విప్పి కొంచెం ముందుకు లాగి చూడండి. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో, రేడియేటర్ ముఖం మీద, నల్లగా మెత్తగా కంబళిలాంటి పొర ఉంటుంది. బొగ్గు పొడి, పత్తి నూగు, పురుగుల రెక్కలు, ఇంజన్ ఆయిల్ తడి అన్నీ కలిసి అతుక్కుపోయిన పొర. వేలితో లాగితే ముక్కలుగా ఊడి వస్తుంది. ముందు నుంచి ఎన్ని నీళ్ళు కొట్టినా అది కదలదు, పైగా ఇంకా గట్టిగా అదుముకుంటుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీళ్ళతో కడగాలి. వాటర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే అల్యూమినియం రెక్కలు వంగిపోతాయి, వంగిన చోట గాలి దూరదు.

గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీల వైపు తిరిగే బండ్లకు ముందు గాలి కొట్టాలి, తర్వాతే నీళ్ళు. సిమెంటు దుమ్ము తడిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా. ఇక కడిగాక మెరుపు కోసం డీజిల్ చల్లే అలవాటు ఒకటుంది. కండెన్సర్ మీద మాత్రం వద్దనండి. ఆ జిడ్డుకి రెండు రోజుల్లో మళ్ళీ దుమ్ము పడుతుంది.

గ్రిల్ ముందు అదనపు లైట్లు, జాలీలు, బంపర్ గార్డు, పార్టీ బోర్డు పెట్టుకునేవాళ్ళు గాలి ఎటునుంచి రావాలో కూడా ఆలోచించాలి.

ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్షలు రెండున్నాయి. ఒకటి, బండి ఆగి ఉండగా ఏసీ వేసి గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకోండి. ఫ్యాన్ బాగుంటే కాగితాన్ని గ్రిల్‌కి లాక్కుంటుంది. ఊరికే ఊగుతూ ఉంటే ఫ్యాన్ మోటారో, దాని రెసిస్టరో, రిలేనో చూడాలి. రెండు, మధ్యాహ్నం ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద పైపుతో సన్నగా నీళ్ళు చల్లించండి. రెండు నిమిషాల్లో లోపల గాలి బాగా చల్లబడిందంటే తప్పు చాలావరకు కండెన్సర్‌దో ఫ్యాన్‌దో, లేదా ఎవరో గ్యాస్ ఎక్కువ కొట్టారు. ఏ మార్పూ లేకపోతే అప్పుడు గ్యాస్, కంప్రెసర్ వైపు చూడండి. ఇక్కడి పొడి గాలిలో నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి కాబట్టి తేడా బాగా కనిపిస్తుంది. మన ఇళ్ళలో కూలర్ పనిచేసేదీ అందుకే. ఇదే పరీక్ష జూలైలో చేస్తే అంత తేడా తెలియదు.

రోడ్డు మీద 60 స్పీడులో చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగగానే వేడి గాలి వస్తే అనుమానం మొదట ఫ్యాన్ మీదే పెట్టుకోండి.

అపోహ: బండి కింద నీళ్ళు కారట్లేదు, ఏసీ పోయింది

మే నెలలో ఈ ఫోన్లు చాలా వస్తాయి. ఆ నీళ్ళు గాలిలోని తేమ. మన మే గాలిలో తేమ చాలా తక్కువ, ఇక కాయిల్ మీద ఏం చేరుతుంది? వానలు పడనివ్వండి, అదే బండి బొటబొటా కారుస్తుంది. అయితే వానాకాలంలో కారకుండా, కాళ్ళ దగ్గర మ్యాట్ తడుస్తుంటే మాత్రం డ్రైన్ పైపు మూసుకుపోయినట్టు. అప్పుడు రండి.

అపోహ: ప్రతి ఏడూ గ్యాస్ మార్పించాలి

అక్కర్లేదు. గ్యాస్ ఇంజన్ ఆయిల్‌లాగా పాతబడదు. ఏటా తగ్గుతుంటే ఎక్కడో లీక్ ఉంది, జాయింట్ల దగ్గర జిడ్డు మీద దుమ్ము అంటుకుని కనిపిస్తుంది. ముందు లీక్ పట్టుకోవాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా పోతుంది కాబట్టి ఊరికే నింపుకుంటూ పోతే చివరికి కంప్రెసర్‌కే ఎసరు.

అపోహ: నాబ్ మధ్యలో పెడితే ఏసీ మీద భారం తగ్గుతుంది

మాన్యువల్ ఏసీ ఉన్న చాలా కార్లలో టెంపరేచర్ నాబ్ కంప్రెసర్‌ని తగ్గించదు. అది హీటర్ తలుపు తెరుస్తుంది. కాయిల్ చల్లబరిచిన గాలిని 90 డిగ్రీల కూలెంట్ తిరిగే హీటర్ మీదుగా పంపి మళ్ళీ వేడి చేస్తుంది. ఎండాకాలంలో నాబ్ పూర్తిగా నీలం వైపు పెట్టి, చలేస్తే బ్లోయర్ తగ్గించుకోండి. నాబ్ పూర్తిగా తిప్పినా ఆ తలుపు సరిగా మూసుకోని బండ్లు కూడా ఉంటాయి, వాటికి గ్యాస్ ఎంత కొట్టినా లాభం లేదు.

అపోహ: ఎక్కగానే అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా పెట్టాలి

ఎండలో నిలబెట్టిన బండిలో గాలి 60 డిగ్రీలు దాటుతుంది. బయటి 46 దాని ముందు చల్లనే. ముందు అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడపండి. అవతలి వైపు అద్దం దించి, డ్రైవర్ డోరు నాలుగైదు సార్లు తెరిచి మూసినా వేడి గాలి బయటికి పోతుంది. ఆ తర్వాత రీసర్క్యులేషన్, అంటే లోపలి గాలే తిరిగేలా పెట్టండి. ఇక ప్రతిసారీ 46 డిగ్రీల గాలిని కాక, అప్పటికే చల్లబడిన గాలినే మళ్ళీ చల్లబరిస్తే సరిపోతుంది. అలాగని మంచిర్యాల పెళ్ళికి ఐదుగురు ఎక్కి దారంతా అలాగే ఉంచకండి. అందరూ వదిలిన గాలే తిరుగుతుంటే డ్రైవర్‌కి కునుకు వస్తుంది. అరగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలి తెరవండి. క్యాబిన్ ఫిల్టర్ కూడా చూసుకోండి. బొగ్గు దారిలో తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకూడదు, నల్లబడిన వెంటనే మార్చాలి.

అపోహ: తక్కువ ధర గ్యాస్ అయినా చల్లగానే వస్తుంది కదా

వస్తుంది, చిక్కంతా అక్కడే. వంటగ్యాస్ జాతి గ్యాస్ బాగానే చల్లబరుస్తుంది. కానీ కూలింగ్ కాయిల్ ఉన్నది మీ మోకాళ్ళ ముందు. అది లీకై ఎక్కడో ఒక నిప్పురవ్వ పుడితే? నకిలీ 134ఏ ఇంకో రకం గండం. అందులో కలిపే మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితేనే భగ్గుమనే పదార్థాన్ని తయారుచేస్తుంది. 2011లో ఓడల మీద వెళ్ళే ఫ్రిజ్ కంటైనర్లు ఇలా పేలి మనుషులు చనిపోయారు. డబ్బా మీద పేరు లేకపోతే, ధర మరీ తక్కువైతే కొట్టించుకోకండి.

నల్ల ఫిల్మ్ సంగతి క్లుప్తంగా: ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలని నిబంధన. అసలు ఫిల్మే అంటించొద్దని 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి చెక్‌పోస్టుల దగ్గర గొడవలే. ఎండ వేడిలో సగం దాకా కంటికి కనిపించని కిరణాలదే కాబట్టి నలుపుకీ చల్లదనానికీ సంబంధం తక్కువ. నిలబెట్టినప్పుడు ముందద్దానికి వెండి రంగు సన్‌షేడ్ పెట్టుకోండి, పెద్ద ఖర్చు కాదు.

ఇంతకీ ఎంత చల్లగా వస్తే బాగున్నట్టు? మధ్య వెంట్‌లో చిన్న థర్మామీటర్ పెట్టి, రీసర్క్యులేషన్‌లో పది నిమిషాలు నడపండి. బయట 45 ఉన్నప్పుడు వెంట్‌లో 10 నుంచి 14 వస్తే మీ ఏసీకి ఏమీ కాలేదు. 20 దాటితే తీసుకురండి. అదీ మధ్యాహ్నం రెండింటికి తీసుకురండి. పొద్దున ఏడింటికి వస్తే ఏ బండి ఏసీ అయినా చల్లగానే ఉంటుంది, నేను చూసేదేమీ ఉండదు.