అద్దె చూసేది ఒకళ్లు, మనిషిని చూసేది ఇంకొకళ్లు: అమెరికా సబ్సిడీ ఇళ్లలో డిమెన్షియా

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ల కోసం కట్టిన సబ్సిడీ అపార్ట్‌మెంట్లలో, ఒంటరిగా ఉండే ఒకావిడకి డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన మెల్లగా పోయే జబ్బు) మొదలైందంటే చాలాసార్లు ముందు తెలిసేది డాక్టర్‌కి కాదు, కింద ఆఫీసులో కూర్చునే మేనేజర్‌కి. అద్దె టైముకి రాదు, స్టవ్ మీద ఏదో మాడి అలారం మోగుతుంది, పక్కింటివాళ్లు నా డబ్బులు ఎత్తుకుపోయారని గొడవ, ఏటా ఇవ్వాల్సిన ఆదాయం కాగితాలు ఇవ్వకపోతే సబ్సిడీకే ఎసరు. మేనేజర్‌కి ఇవన్నీ లీజు ఉల్లంఘనలు, అంటే నోటీసులు పంపాల్సిన విషయాలు. దాన్ని జబ్బుగా చూసే మనిషి ఆ బిల్డింగులో ఎందుకు ఉండరు అంటే 1959 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది హౌసింగ్ చట్టంలో సెక్షన్ 202 అని ఒకటి పెట్టారు, నాన్‌ప్రాఫిట్ సంస్థలకి తక్కువ వడ్డీకి అప్పిచ్చి పెద్దవాళ్లకి ఇళ్లు కట్టించడానికి. అప్పుడు వాళ్ల మనసులో ఉన్న పెద్దాయన రిటైరై, ఓపిక ఉండి, తన పని తను చేసుకునే మనిషి. ఆయన అదే ఫ్లాట్‌లో తొంభై ఏళ్ల దాకా ఉంటాడని పెద్దగా ఆలోచించినట్టు లేదు. మతి తప్పడం గురించైతే చెప్పక్కర్లేదు, వయసైపోయింది, చాదస్తం అని కొట్టిపారేసే రోజులవి. రాబర్ట్ కాట్జ్‌మన్ అనే న్యూరాలజిస్ట్ 1976లో ఒక చిన్న ఎడిటోరియల్‌లో, ముసలితనంలో వచ్చే ఈ మతిమరుపులో చాలావరకు ఆల్జీమర్సే, ఇది జనాన్ని చంపే పెద్ద జబ్బుల్లో ఒకటి అని రాశాకే దేశం దీన్ని సీరియస్‌గా తీసుకోవడం మొదలైంది. అప్పటికి ఇళ్ల పథకం మొదలై పదిహేడేళ్లు.

అసలు చిక్కు పడింది మాత్రం 1965లో. పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, పేదవాళ్లకి మెడికెయిడ్, రెండూ ఆ ఏడాదే వచ్చాయి. మెడికేర్ డాక్టర్‌కి, ఆస్పత్రికి ఇస్తుంది కానీ స్నానం చేయించడానికి, మందులు గుర్తు చేయడానికి, తోడుగా కూర్చోడానికి ఏళ్ల తరబడి మనిషిని పెట్టదు. పేదవాళ్లకి మెడికెయిడ్ ఆ ఖర్చు పెడుతుంది, కాకపోతే నర్సింగ్ హోమ్‌లో (అక్కడ అంటే పెద్దవాళ్లని పెట్టేసి చూసుకునే చోటు) చేరితే అది హక్కు, ఇంట్లోనే ఉంటానంటే చాలా సాయం రాష్ట్రం ఇష్టం. 1981లో అయోవాకి చెందిన కేటీ బెకెట్ అనే మూడేళ్ల పాప ఇంటికెళ్తే మెడికెయిడ్ పోతుందని ఆస్పత్రిలోనే ఉండాల్సొస్తోందని అప్పటి అధ్యక్షుడు రీగన్ ప్రెస్ మీట్‌లో చెప్పాడు, అదే ఏడాది ఇంటి దగ్గర సేవలకి డబ్బిచ్చే వేవర్లు, అంటే మెడికెయిడ్ రూల్స్ నుంచి రాష్ట్రాలకి మినహాయింపులు, వచ్చాయి. వేవర్‌లో సీట్లకి పరిమితి పెట్టుకోవచ్చు కాబట్టి చాలా రాష్ట్రాల్లో వెయిటింగ్ లిస్టులు. పైగా ఆ డబ్బుతో అద్దె కట్టకూడదు, ఇళ్ల శాఖ డబ్బేమో ఇంటికే. ఒకే మనిషి, రెండు శాఖలు, రెండిటికీ వేరే వేరే అప్లికేషన్లు, గుర్తు ఉండని మనిషే అవి నింపాలి!

మధ్యలో అతుకులు వేయకపోలేదు. 1978లో భోజనం, ఇంటి పనిలో సాయం ఇచ్చే ఒక కార్యక్రమం పెట్టారు, చిన్నదిగానే మిగిలిపోయింది. 1988లో ఫెయిర్ హౌసింగ్ చట్టాన్ని సవరించి వైకల్యం ఉన్నవాళ్లకి రక్షణ ఇచ్చారు, దాంతో నువ్వు ఒంటరిగా బతకగలవా అని అడిగి ఇల్లు నిరాకరించడం కుదరదు, అవసరమైతే రూల్స్‌లో సడలింపు కూడా ఇవ్వాలి. బాగుంది, కానీ సడలింపు అడగాలంటే తనకి జబ్బుందని ఆ మనిషికి తెలియాలి కదా. 1990లో వచ్చిన ఇళ్ల చట్టం బిల్డింగుల్లో సర్వీస్ కోఆర్డినేటర్లకి దారి తీసింది, నా దృష్టిలో ఈ మొత్తంలో కాస్త పనికొచ్చింది ఇదే. అయినా ఆ మనిషి పని ఫోన్లు చేసి సేవలు కుదిర్చి పెట్టడం, చేత్తో సేవ చేయడం కాదు, పైగా అన్ని బిల్డింగుల్లో లేరు.

వేరే దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో 1970ల మొదట్లోనే ఆన్ లోక్ అనే సంస్థ డే సెంటర్, డాక్టర్, భోజనం, రవాణా అన్నీ ఒకే చేతి కింద పెట్టింది, నర్సింగ్ హోమ్‌కి పోవాల్సినవాళ్లు ఇళ్లలోనే ఉండేలా. 1997లో అదే పేస్ పేరుతో మెడికేర్‌లో శాశ్వతంగా చేరింది. వెర్మాంట్ ఇంకా సూటిగా బిల్డింగుకే వచ్చింది: 2009లో బర్లింగ్టన్‌లో మొదలై 2011 నుంచి రాష్ట్రమంతా పాకిన శాష్ అనే కార్యక్రమంలో సుమారు వంద మందికి ఒక కోఆర్డినేటర్, పార్ట్‌టైం నర్సు. వారం వారం కనబడే నర్సుకి మొదట చెప్పుకున్న ఆవిడలాంటి వాళ్ల మాటలో తేడా ముందే తెలుస్తుంది, నోటీసు దాకా రాదు.

జూలై 2024లో మెడికేర్ గైడ్ అనే ఎనిమిదేళ్ల ప్రయోగం మొదలుపెట్టింది, డిమెన్షియా ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండేలా నావిగేటర్, 24 గంటల ఫోన్ లైన్, చూసుకునేవాళ్లకి విరామం కోసం కొంతమందికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా. ఆ విరామం డబ్బు మాత్రం ఇంట్లో చూసుకునే బంధువో స్నేహితులో ఉన్నవాళ్లకే, సబ్సిడీ అపార్ట్‌మెంట్లలోనేమో ఒంటరిగా ఉండేవాళ్లే ఎక్కువ.