కోడి నెత్తితో చూసే పొద్దు

ఒడిశాలోని గుణుపురంలో మాకు తెలిసిన పిన్నిగారు పెరట్లో నాలుగైదు వనరాజా రకం కోడిపెట్టల్ని సాకుతున్నారు. "దసరా ముందు మొదలెట్టి నెల్లాళ్లు గుడ్లు బాగానే పెట్టాయి నాయనా. కార్తీకం వచ్చిందో లేదో మానేశాయి. ఒక్క ఈక రాలలేదు, మేత మానలేదు. ఎవరి కళ్లు పడ్డాయో!" అన్నారు ఫోన్లో. గూటికి అప్పటికే నిమ్మకాయా మిరపకాయలూ కట్టేశారట. పంచుకం, అంటే కార్తీకం చివరి అయిదు రోజులూ ఎలాగూ ఇంట్లో గుడ్డు ముట్టరు. ఆ మర్నాడు ఛాడఖాయి, మళ్లీ మాంసం మొదలెట్టే రోజు. ఆ రోజు మాత్రం ఒడియా ఇల్లూ తెలుగు ఇల్లూ అని లేదు, గుడ్లు మానేసిన పెట్టకు గండమే.

దిష్టి అంటే కళ్ల వ్యవహారం. చిత్రమేమిటంటే ఇందులో ఎదురింటావిడ కళ్లకే కాదు, కోడి సొంత కళ్లకూ పెద్దగా పని లేదు. పగలు కురచైతే పెట్ట గుడ్లు తగ్గిస్తుంది. ఆ పగలు ఎంత పొడుగుందో కోడి నెత్తితో చూస్తుంది.

చీకట్లో టార్చిలైటు వెలిగించి అరచేతి కింద ఆనించండి. వేళ్లు ఎర్రగా మెరుస్తాయి. తోలూ కండా నెత్తురూ నీలం, ఆకుపచ్చ వెలుతురును మింగేసి ఎరుపును చాలామటుకు వదిలేస్తాయి. కోడి పుర్రె బాగా పల్చన. నెత్తిన పడ్డ ఎండలోని ఎరుపు ఈకలూ తోలూ ఎముకా దాటి, మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ దాకా దిగుతుంది. అక్కడి కొన్ని నాడీకణాల్లో వెలుతురును పట్టే ఆప్సిన్ ప్రోటీన్లు ఉంటాయి. పదో తరగతిలో కంటి బొమ్మ గీయించి, భాగాలు గుర్తించమని మార్కులు వేస్తాం. కన్ను లేకుండా వెలుతురు తెలుసుకునే ప్రాణి మన పెరట్లోనే ఉందని ఎవరం చెప్పం.

ఇది ఊహ కాదు. 1930లలో ఫ్రాన్సులో జాక్ బెన్వా బాతుల మీద ఈ దారి పట్టాడు. 1970లో అమెరికాలో మైఖేల్ మెనాకర్ బృందం చూపున్న ఊరపిచ్చుకల్లోనే కొన్నిటికి నెత్తిన ఈకలు పీకింది, కొన్నిటికి నెత్తితోలు కింద నల్లసిరా ఎక్కించింది. పగలు పొడుగైతే మగపిచ్చుకల వృషణాలు ఎదుగుతాయి. బోడినెత్తి పిచ్చుకల్లో అలాగే ఎదిగాయి. సిరా ఎక్కినవాటిలో ఎదగలేదు.

ఇంకో తమాషా, పిట్టలు పగటి గంటల్ని కూడుకోవు. వాటి లోపలి గడియారంలో, తెల్లవారిన సుమారు 11, 12 గంటల తర్వాత ఒక ప్రత్యేకమైన వేళ వస్తుంది. అప్పటికింకా వెలుతురుంటే అది పెద్ద పగలు, చీకటి పడిపోతే చిన్న పగలు. పెద్ద పగలైతే మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో ఒక భాగం టీఎస్‌హెచ్ అనే హార్మోను వదులుతుంది. అది హైపోథాలమస్‌లో డయో2 ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము థైరాయిడ్ హార్మోను టీ4ను చురుకైన టీ3గా మారుస్తుంది. ఆ తర్వాత మెదడు వదిలే హార్మోను జీఎన్‌ఆర్‌హెచ్, దాని వెనక పిట్యూటరీ వదిలే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, వాటితో అండాశయంలో పచ్చసొనలు ఒకదాని వెనక ఒకటి ముదరడం. టీ4 టీ3గా మారే మెలికను 2003లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో తకాషి యోషిమురా బృందం కౌజుపిట్టల్లో పట్టుకుంది. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లకు టీఎస్‌హెచ్, టీ3, టీ4 అనే పేర్లు రక్తపరీక్ష కాగితం మీద చూసినవే.

ఇంగ్లండు పగలు డిసెంబరులో 8 గంటలకు కుంచించుకుపోతుంది. మన గుణుపురం ఉన్న 19 డిగ్రీల అక్షాంశంలో జూన్ పగలు 13 గంటల పావు, డిసెంబరు పగలు 11. తేడా కొద్దిదే అయినా ఆ 12 గంటల గీతను దసరా రోజుల్లోనే దాటేస్తాం. మరి వెలుతురొక్కటే కారణమా? కాదు. వయసులో ఉన్న పెట్టకు ఒళ్లింకా ఎదుగుతూనే ఉంటుంది. గుడ్లు పెట్టే కోడి మేతలో ప్రోటీను 16 శాతం దాకా ఉండాలి, పిన్నిగారు చల్లే నూకల్లో అందులో సగమే. వెలుతురు చాలినన్నాళ్లు ఆ లోటు కనపడదు. పొద్దు తగ్గగానే బయటపడుతుంది.

కత్తి తీసేముందు పెట్టను చంకలో పెట్టుకుని తోక కింద చెయ్యి పెట్టి చూడండి. గుడ్డు వచ్చే ద్వారానికి అటూ ఇటూ రెండు సన్నటి ఎముకల మొనలు తగులుతాయి. మధ్యలో రెండు మూడు వేళ్లు పడుతున్నాయా, తురాయి ఎర్రగా నిండుగా ఉందా? అయితే అది పెడుతూనే ఉంది, గడ్డివాము వెనక వెతకండి. ఒక్క వేలే పట్టి, తురాయి ముడుచుకుని పాలిపోయి ఉంటే నిజంగానే ఆపింది. నాటుపెట్ట గంపలోంచి లేవకుండా, దగ్గరికెళితే ఈకలు ఉబ్బించి బుర్రుమంటే పొదుగుకొచ్చినట్టు, దాని కథ వేరు. పచ్చగా పారుతూ మెడ తిప్పేస్తుంటే కొక్కెర తెగులు కావచ్చు, పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

ఏమీ చేయకపోయినా సంక్రాంతి దాటాక పొద్దు పొడుగై చాలా పెట్టలు మళ్లీ మొదలెడతాయి. ఆగలేకపోతే గూట్లో పసుపు వెలుతురిచ్చే చిన్న బల్బు తెల్లవారుజామున మూడింటికి వెయ్యండి. సాయంత్రం వేసి టక్కున ఆర్పితే, దండెం ఎక్కని కోళ్లు చీకట్లో కిందే మిగిలిపోతాయి. బల్బుతో పాటు నత్తగుల్లలు గానీ, కాల్చి నలిపిన గుడ్డుపెంకులు గానీ విడిగా ఒక చిప్పలో పెట్టాలి. ఒక్కో పెంకుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. మేతలో దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచే తీసి ఇస్తుంది.