గణిత పరిశోధన: మా పర్లాకిమిడిలో వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. రిటైరయ్యి పర్లాకిమిడి తిరిగొచ్చాక, ఇంటికొచ్చే పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ నా పని గురించి చాలా అడుగుతుంటారు. వాళ్ల మాటల్లో తరచూ దొర్లే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. అటు పాతపట్నం, ఇటు గుణుపురం పిల్లలకూ పనికొస్తాయి.

అపోహ: గణితజ్ఞుడంటే లెక్కలు చకచకా చేసేవాడు.

"మాష్టారూ, మావాడికి ఎక్కాలు గడగడా వచ్చు, గణితంలోకి పంపమంటారా?" అని అడుగుతారు. ఎక్కాలు రావడం మంచిదే. కానీ పరీక్షలో ప్రశ్నకు జవాబు ఉందని ముందే తెలుసు. పరిశోధనలో ఆ భరోసా లేదు. చిన్న సంఖ్యలతో కాగితం మీద చేసి చూస్తాం, ఏదో క్రమం కనిపిస్తుంది. నిరూపించబోతే మూడో పేజీలో ఆగిపోతుంది. అప్పుడు అసలు ఆ మాటే తప్పేమోనని ప్రత్యుదాహరణ వెతుకుతాం. అదీ దొరకదు. మళ్లీ నిరూపణ వైపు వస్తాం. నా రోజుల్లో ఎక్కువ భాగం ఇలాగే గడిచాయి, ఆ రోజులంటే నాకు ఇష్టం కూడా.

అపోహ: లక్షసార్లు సరిపోతే నిజమే కదా, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది.

దీని దగ్గర కాస్త ఆగాలి. ఒక సంఖ్యను దానితోనే గుణించండి. దానికి అదే సంఖ్యను, ఆపైన 41ని కలపండి. 1కి 43 వస్తుంది, 2కి 47, 3కి 53. అన్నీ ప్రధాన సంఖ్యలే. 39 దాకా ఎక్కడా తప్పదు. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41ని 41తో గుణిస్తే వచ్చేది. ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రమిది. పిల్లల చేత దీన్ని చివరిదాకా చేయించాలి. 40 దగ్గర వాళ్ల ముఖాలు చూడాలి!

ఇంతకన్నా గట్టి ఉదాహరణ 1919లో జార్జ్ పోల్యా చేసిన ఊహ. ఒక్కో సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి ఎన్ని వచ్చాయో చూడండి. 12 అంటే 2, 2, 3. మొత్తం మూడు, కాబట్టి బేసి జట్టు. 10 అంటే 2, 5. సరి జట్టు. 1కి కారణాంకాలేమీ లేవు కాబట్టి అదీ సరి జట్టే. 2 మొదలు ఎక్కడ ఆగి లెక్కపెట్టినా సరి జట్టు బేసి జట్టును దాటదని పోల్యా ఊహ. ఎంత దూరం చూసినా అలాగే కనిపించింది. 1958లో హేసెల్‌గ్రోవ్ అది తప్పని నిరూపించాడు. మొట్టమొదట తప్పే చోటు 1980లో దొరికింది: 90,61,50,257. తొంభై కోట్లు దాటేదాకా నిజంలా కనిపించిన మాట అబద్ధమైంది!

ఆ చోటు వెతికింది కంప్యూటరే, కాదనను. కానీ గోల్డ్‌బాక్ 1742లో లేవనెత్తిన ఊహను (2 కన్నా పెద్ద ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనన్నది) 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దూరం సరిచూశారు, నిరూపణ మాత్రం ఇప్పటికీ లేదు. మా పని అక్కడే ఉంది.

అపోహ: ముప్పై దాటితే గణితంలో పని అయిపోయినట్టే, అదీ గదిలో ఒంటరిగా చేసే పని.

గణితంలో పెద్ద పురస్కారమైన ఫీల్డ్స్ మెడల్‌కు 40 ఏళ్ల పరిమితి ఉండడం వల్ల ఈ మాట బలపడింది. కానీ జీటా విలువలనే అనంత మొత్తాల్లో ఒకటి కరణీయమని, అంటే పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేమని, 1978లో నిరూపించినప్పుడు రోజర్ అపెరీ అరవై దాటినవాడు. ఇక 2013 నేను మరచిపోలేను. యాభై దాటిన యిటాంగ్ ఝాంగ్, పెద్దగా పేరులేని అధ్యాపకుడు, 7 కోట్లకు మించని తేడాతో ఉండే ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని నిరూపించాడు. మా రంగంలో పండగే అనుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ 7 కోట్లు 246కి దిగింది. జేమ్స్ మేనార్డ్, టెరెన్స్ తావ్ వంటివాళ్లు కొత్త పద్ధతులు తెచ్చారు, చాలామంది కలిసి ఒకరి లెక్కను ఒకరు దిద్దుకుంటూ పనిచేశారు. ఒంటరి పని అనే మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

అపోహ: ఇంగ్లీష్ మీడియం లేకపోతే, చిన్న ఊళ్లో ఉంటే కుదరదు.

ఈ టెన్షన్ మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో మరీ ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీష్. నేనూ అలాగే చదివాను. ఎక్కాలు ఇప్పటికీ మనసులో తెలుగులోనే వస్తాయి. ఒడిశాలోనే ఖండపడాకు చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు పఠాణి సామంత ఇంగ్లీష్ చదువు లేకుండా, వెదురుతో, చెక్కతో చేసుకున్న పరికరాలతో గ్రహాల చలనాలు కొలిచాడు. ఆయన గ్రంథం సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. ఇంగ్లీష్ పేపర్లు చదవడం నేర్చుకోవాలి, తప్పదు. అది మెల్లగా వస్తుంది. గణితాన్ని అందాకా ఆపనక్కర్లేదు.

అపోహ: దీంతో పొట్ట గడవదు.

సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ (కేంద్ర సంస్థ ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే పరిశోధన విద్యార్థికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. సైన్సు చదువుకు, పరిశోధనకు కేంద్రం నడిపే సంస్థలు మన దగ్గరే ఉన్నాయి: బరంపురంలో 2016 నుంచి ఐసర్ ఉంది, భువనేశ్వర్‌లో నైసర్ ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరొచ్చు, డిగ్రీ చేసినవాళ్లు జామ్ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. పాత ప్రశ్నపత్రాలు నా దగ్గర ఉన్నాయి. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను, వచ్చి తీసుకెళ్లండి.