పెట్ స్కాన్ బాగున్నా కరెంటు పెట్టించాలా?

మెడలో గడ్డ కనిపిస్తే నెల్లూరు, ఒంగోలు వైపు ముందు టీబీనే అనుమానిస్తారు. మన దగ్గర అదే ఎక్కువ కాబట్టి తప్పుపట్టలేం. కానీ మందులు వాడుతున్నా గడ్డ కరగకపోతే, సూది పరీక్షతో సరిపెట్టకుండా గడ్డనే తీసి బయాప్సీకి పంపాలి. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ చాలాసార్లు అలా ఆలస్యంగానే బయటపడుతుంది.

కావలిలో డిగ్రీ చదివే ఇరవై రెండేళ్ల అమ్మాయి అనుకుందాం. గడ్డలు మెడలో, ఛాతీలో ఉన్నాయి, పొట్టలోకి పాకలేదు. తొలి దశే. నాలుగు మందులు కలిపిన ఏబీవీడీ కీమో మూడు సైకిళ్లయ్యాక పెట్ స్కాన్‌లో ఏమీ వెలగలేదు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునేలోపు డాక్టరు రేడియేషన్, అదే మనవాళ్లు కరెంటు అనేది, మాటెత్తారు. మళ్లీ టెన్షన్. జబ్బు పోయాక ఇంకా కరెంటు పెట్టడమెందుకు?

చక్కెరను బాగా లాగేసుకునే కణాల గుంపులే పెట్‌లో వెలుగుతాయి. ఎక్కడో మిగిలిన కాసిని కణాలు దానికి చిక్కవు. 2015లో వచ్చిన బ్రిటన్ 'ర్యాపిడ్' అధ్యయనంలో, ఇలా స్కాన్ బాగున్నవాళ్లలో రేడియేషన్ కేటాయించినవాళ్లు మూడేళ్లకు నూటికి దాదాపు 95 మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. అది లేనివాళ్లలో 91 మంది. ప్రాణాలు దక్కడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు, తిరగబెట్టినా చాలామందిని బాగుచేయొచ్చు కాబట్టి. అయితే దానికి పెద్ద డోసు కీమో, మూలకణాల మార్పిడి దాకా వెళ్లాల్సి రావచ్చు. మాటలు కాదు.

రెండోవైపు భయం ఇరవై ఏళ్ల తర్వాతది. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ పడితే రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. మెడకు పడితే థైరాయిడ్ మందగించవచ్చు. కాకపోతే ఈ లెక్కల్లో ఎక్కువభాగం మెడ నుంచి ఛాతీ అంతటికీ 40 గ్రే (రేడియేషన్ డోసు కొలత) దాకా ఇచ్చిన పాతకాలానివి. ముప్పు తక్కువున్న తొలి దశకు 20 గ్రే చాలని జర్మన్ల 'హెచ్‌డీ10' అధ్యయనం 2010లో తేల్చింది. అంటే పది సిట్టింగులు, అదీ గడ్డలున్న చోటికే. గోరువెచ్చటి ప్లాస్టిక్ వలను ముఖం, మెడ మీద అచ్చుగా బిగిస్తారు. కదలకుండా పడుకోవాలి. ఛాతీకైతే ఊపిరి బిగబట్టమంటారు. ఊపిరితిత్తులు ఉబ్బి, గుండె కాస్త కిందికి తప్పుకుంటుంది.

నన్నడిగితే, గడ్డలు మెడ వరకే ఉంటే పెట్టించుకోవడమే నయం. ఛాతీలో, రొమ్ముకు దగ్గరగా ఉన్న అమ్మాయికి మానేయడం గురించి గట్టిగా ఆలోచించాలి. కానీ మానేస్తే మూడు నాలుగు నెలలకోసారి చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఆసుపత్రికో, మరో చోటికో వెళ్లి చూపించుకోవాల్సిందే. కూలి మానుకుని రైలెక్కాల్సిన ఇంటికి అది చిన్న విషయం కాదు, డాక్టరుకు ముందే చెప్పేయాలి. రొమ్ముకు, గుండెకు ఎంత డోసు పడుతుందో చికిత్స మొదలవకముందే కంప్యూటర్ ప్లాన్‌లో అంకెలతో సహా తెలుస్తుంది. సంతకం పెట్టేముందు ఆ అంకెలు చూపించమనండి.