కౌన్సిల్ రిపోర్టులో పచ్చరంగు చూసి మురిసిపోకండి: సోషల్ కేర్ లెక్కల మీద అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండులో ఓ స్థానిక కౌన్సిల్‌లో అడల్ట్ సోషల్ కేర్ లెక్కలు చూడటం నా ఉద్యోగం. ఇంటికొచ్చి స్నానం చేయించి, మందులిచ్చి వెళ్లే కేరర్లు, కేర్ హోమ్‌లు, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కొన్ని వారాల చేయూత, ఇవన్నీ కౌన్సిల్ ఎలా నడుపుతోందో నెలనెలా అంకెల్లో పెడతాం. ఇక్కడి తెలుగువాళ్లలో కేరర్లుగా పనిచేసేవాళ్లున్నారు, అమ్మానాన్నలకి ఆ సాయం కోసం చూస్తున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరి నోటా వినే మాటలే ఇవి.

అపోహ: రిపోర్టంతా పచ్చగా ఉందంటే పని బాగా జరుగుతున్నట్టే.

ఒక్క లైను తీసుకుందాం. (అసెస్‌మెంట్ అంటే మనిషికి ఏ సాయం అవసరమో కౌన్సిల్ చూసి తేల్చడం.) "అసెస్‌మెంట్ అడిగిన రోజు నుంచి పూర్తయ్యేదాకా సగటున ఎన్ని రోజులు?" టార్గెట్ 28, ఈ నెల 20, కాబట్టి పచ్చ. ఇప్పుడు పదిమంది అడిగారనుకోండి. ఆరుగురివి 20 రోజుల్లో అయిపోయాయి, మిగతా నలుగురూ 200 రోజుల నుంచి ఫోన్ కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. సగటు మాత్రం 20! పూర్తయినవాటికే రోజులు లెక్కగడతాం, పూర్తికానిది ఆ లైన్లోకే రాదు. ఇంకా చోద్యం ఏంటంటే, వచ్చే నెల టీమ్ మేనేజర్ పట్టుబట్టి ఆ నలుగురివీ 220వ రోజుకి పూర్తి చేయించి, కొత్తగా వచ్చిన ఆరుగురివి ఎప్పట్లాగే 20 రోజుల్లో చేయించిందంటే సగటు 100కి ఎగబాకి లైను ఎర్రబడుతుంది. చేయాల్సిన పని చేసినందుకు కౌన్సిలర్ల కమిటీలో ఆవిడకి అక్షింతలు. ఆ నలుగురినీ అలాగే వదిలేసి ఉంటే ఎవరూ పల్లెత్తు మాట అనేవాళ్లు కాదు. అందుకే ఏ రిపోర్టు చేతికొచ్చినా నేను ముందు వెతికేది ఇవాళ్టికి క్యూలో ఎంతమంది ఉన్నారు, అందరికంటే పాత కేసు ఎన్నాళ్లది అని.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చి, తిరిగి కోలుకునేందుకు సాయం అందుకున్న 65 దాటినవాళ్లలో 91 రోజుల తర్వాత కూడా ఇంట్లోనే ఉన్నవాళ్లు ఎంత శాతం అనేది ఏళ్ల తరబడి దేశమంతా వాడిన కొలత. మంచి కొలతే. కానీ కాస్త గట్టిగా ఉన్నవాళ్లకే ఆ సాయం ఇచ్చి, బాగా నీరసించినవాళ్లని పక్కన పెట్టే కౌన్సిల్‌కి శాతం దానంతటదే పెరుగుతుంది. ఆ సాయం ఎంతమందికి ఇచ్చారు అనే అంకె పక్కన లేకపోతే ఈ శాతానికి అర్థం లేదు.

అపోహ: 28 రోజుల్లో అసెస్‌మెంట్ చేయాలని చట్టంలో ఉంది.

లేదు. 2014 కేర్ యాక్ట్‌లో అలాంటి గడువే లేదు, సహేతుకమైన సమయంలో చేయాలని గైడెన్స్ చెబుతుంది, అంతే. 28 అనేది కౌన్సిళ్లు తమకి తాము పెట్టుకునే టార్గెట్.

అపోహ: సొంత ఇల్లు, బ్యాంకులో డబ్బు ఉంటే కౌన్సిల్ మనవైపే చూడదు.

రెండు వేరు వేరు విషయాల్ని కలిపేస్తున్నారు. డబ్బెంత ఉన్నా, సాయం అవసరమేమో అనిపిస్తే చాలు, అసెస్‌మెంట్ చేయాల్సిందే అని కేర్ యాక్ట్ 9వ సెక్షన్ చెబుతుంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఆ తర్వాతి మాట, అక్కడ 23,250 పౌండ్ల పరిమితి వస్తుంది, లెక్కలోకి వచ్చే ఆస్తి అంతకు మించితే ఖర్చు మామూలుగా మీదే. ఇది లెక్కల పోస్టులో ఎందుకంటే, మొదటి ఫోన్‌లోనే "మీకు సేవింగ్స్ ఉన్నాయి కదా, ఈ ప్రైవేటు ఏజెన్సీల లిస్టు పంపిస్తాం" అని పెట్టేస్తే ఆ కాల్ మా సిస్టంలో "సమాచారం ఇచ్చి పరిష్కరించాం" అని పడుతుంది. పరిష్కారం! నిజంగా సలహాతో సరిపోయినవాళ్లూ ఆ గడిలోనే ఉంటారు, గుమ్మంలోంచే తిప్పి పంపించినవాళ్లూ ఆ గడిలోనే. నెల తిరక్కముందే మళ్లీ ఫోన్ చేసినవాళ్లెందరో చూస్తేగానీ తేడా బయటపడదు.

అపోహ: సీక్యూసీ "గుడ్" ఇచ్చింది, ఇంకేం కావాలి?

సీక్యూసీ అంటే ఇంగ్లండులో ఆరోగ్య, కేర్ సేవల్ని తనిఖీ చేసే సంస్థ. ముందు, మీరు చూసిన రేటింగ్ కేర్ హోమ్‌దా కౌన్సిల్‌దా అన్నది చూసుకోండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. కేర్ హోమ్‌లకి రేటింగ్‌లు ఎప్పట్నుంచో ఉన్నాయి. కౌన్సిళ్ల అడల్ట్ కేర్‌ని అంచనా వేసే అధికారం 2022 చట్టంతో వచ్చి 2023లో మొదలైంది, అంతకుముందు పదేళ్లకి పైగా అలా బయటి రేటింగ్ అంటూ లేదు. పిల్లల సర్వీసులైతే వేరే తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ చూస్తుంది. నా సలహా, రేటింగ్ పక్కన పెట్టి రిపోర్టులో వెయిటింగ్ లిస్టుల గురించి, కేరర్లుగా మారిన కుటుంబసభ్యుల గురించి రాసిన పేరాలు చదవండి.

అపోహ: కంప్లైంట్లు తక్కువగా ఉంటే మంచి కౌన్సిల్.

మన పెద్దవాళ్లనే చూడండి, "ఎందుకొచ్చిన గొడవ, రేపు ఆ అమ్మాయి రావడం మానేస్తే?" అని ఊరుకుంటారు. కంప్లైంట్ ఎలా చేయాలో తెలియని ఊళ్లోనూ అంకె తక్కువే ఉంటుంది. కౌన్సిల్ జవాబు నచ్చకపోతే, కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు, మామూలుగా విషయం తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. అక్కడ విచారణ దాకా వెళ్లిన కేసుల్లో ఎక్కువ భాగం తప్పు కౌన్సిల్‌దే అని తేలుతుంది. మనుషుల పేర్లు తీసేసి ఆ తీర్పులు ఆన్‌లైన్‌లో పెడతారు, మీ కౌన్సిల్ పేరు కొట్టి ఓ సాయంత్రం చదవండి.

అపోహ: ఇవన్నీ ఆఫీసర్ల వ్యవహారం, మనకి చూపించరు.

కౌన్సిల్ పనిని తనిఖీ చేసే కౌన్సిలర్ల కమిటీ (స్క్రూటినీ కమిటీ) కాగితాలు మీటింగ్‌కి ఐదు పనిదినాల ముందే బయట పెట్టాలి, మీటింగ్‌కి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. వాటిలో లేని అంకె కావాలంటే సమాచార హక్కు కింద ఓ ఈమెయిల్ చాలు, ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. ఒకటి గుర్తుంచుకోండి, వెతకడానికి 18 గంటలు మించుతుందనుకుంటే కాదనే హక్కు కౌన్సిల్‌కి ఉంది, కాబట్టి పదేళ్ల లెక్కలన్నీ ఒకేసారి అడగొద్దు. వార్డుల వారీగా అడిగినా చిక్కే, ఒక్కో గడిలో ఇద్దరో ముగ్గురో వస్తే మనిషిని గుర్తుపడతారని దాచేస్తారు. మొత్తం కౌన్సిల్‌కి, ఒకే తేదీకి అడగండి.