పొట్టి పార, అరకొర పింఛను: అమెరికాలోని లాటినో పెద్దల వృద్ధాప్యం వెనుక తొంభై ఏళ్ల చరిత్ర

అమెరికాలో 65 ఏళ్లు పైబడిన లాటినోలు, అంటే మెక్సికో, క్యూబా వంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవారు, 2019 నాటికి సుమారు 46 లక్షల మంది. 2060 నాటికి వారు దాదాపు రెండు కోట్లకు చేరతారని, అప్పటికి ఆ దేశంలోని ప్రతి ఐదుగురు వృద్ధుల్లో ఒకరు లాటినో అవుతారని ప్రభుత్వ అంచనా. దేశ సగటు కంటే ఎక్కువ కాలం బతికే ఈ పెద్దల్లో పేదరికం మాత్రం తెల్లవారిలో కంటే రెట్టింపుకు మించి ఉంది. మధుమేహం, దానివల్ల వచ్చే కిడ్నీ జబ్బులు వారిలో ఎక్కువ. అల్జీమర్స్ బారిన పడే ముప్పు తెల్లవారితో పోలిస్తే ఒకటిన్నర రెట్లు ఉంటుందని అల్జీమర్స్ అసోసియేషన్ చెబుతోంది. ఇంత భారం ఉన్నా విధాన చర్చల్లో దశాబ్దాలుగా ఒకే మాట వినబడుతూ వచ్చింది: ‘వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లను పిల్లలే చూసుకుంటారు’. ఆ మాటలో కొంత నిజముంది. అయితే పిల్లలే ఎందుకు చూసుకోవలసి వచ్చిందో తెలియాలంటే కుటుంబ సంస్కృతి కంటే ముందు చట్టాలను చూడాలి.

1935లో రూజ్వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం అమెరికాలో వృద్ధాప్య పింఛనుకు పునాది. వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని ఆ చట్టం మొదటి నుంచే పక్కన పెట్టింది. మూడేళ్ల తరువాత వచ్చిన కనీస వేతన చట్టమూ పొలం పనివారిని వదిలేసింది. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి కూలీలతో పాటు టెక్సస్, కాలిఫోర్నియా, కొలరాడో పొలాల్లోని మెక్సికన్ కుటుంబాలు కూడా దీంతో పింఛను వ్యవస్థకు వెలుపలే ఉండిపోయాయి. 1950, 1954 సవరణలతో పొలం పనివారికీ, ఇంటి పనివారికీ తలుపు కొంత తెరుచుకుంది కానీ, కూలీ నగదుగా చేతికందే చోట, మేస్త్రీ ద్వారా పని దొరికే చోట, యజమాని చెల్లించవలసిన వాటా ఖాతాకు చేరిందా లేదా అని అడిగే నాథుడు ఉండేవాడు కాదు. నలభై ఏళ్లు పనిచేసిన మనిషి పేరున రికార్డుల్లో నాలుగైదేళ్ల పనే కనిపించడానికి మూలం ఇక్కడుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కూలీల కొరత ఏర్పడినప్పుడు మెక్సికన్ కూలీలను కాంట్రాక్టుపై రప్పించేందుకు అమెరికా, మెక్సికో ప్రభుత్వాలు కుదుర్చుకున్న బ్రసేరో ఒప్పందం 1942 నుంచి 1964 వరకు సాగింది. ఆ కాలంలో 45 లక్షలకు పైగా కాంట్రాక్టులు రాసుకున్నారు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ వచ్చిన సందర్భాలు వాటిలో చాలా ఉన్నాయి. తొలి ఏళ్లలో ప్రతి కూలీ జీతం నుంచి పది శాతం కోసి, ఊరికి తిరిగి వెళ్లాక పొదుపుగా ఇస్తామని చెప్పి మెక్సికో బ్యాంకులకు పంపారు. ఆ డబ్బు చాలామందికి అందలేదు. అరవై ఏళ్లు గడిచాక, 2005లో, మెక్సికో ప్రభుత్వం ఒక్కొక్కరికి 38,000 పెసోల సహాయం ప్రకటించింది. 2008లో అమెరికా ఫెడరల్ కోర్టులో ఒక రాజీ కుదిరింది. అప్పటికి వారిలో ఎందరో కన్నుమూశారు. బతికున్నవారు యవ్వనంలో చేసుకున్న కాంట్రాక్టు కాగితాలనో జీతం చీటీలనో వెతికి చూపించవలసి వచ్చింది. కాంట్రాక్టుపై వచ్చిన ఈ కూలీల పనిని 1950ల నాటి చట్టం సోషల్ సెక్యూరిటీ లెక్కలోకి రానివ్వలేదన్నది ఇంకా తక్కువగా వినబడే సంగతి.

ఆ పని శరీరాలను ఏం చేసిందో చెప్పడానికి ఒక పనిముట్టు చాలు. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో లెట్యూస్ మొక్కలను పలచన చేయడానికి, బీట్ చేలల్లో కలుపు తీయడానికి కూలీలకు ఇచ్చిన పార పిడి అడుగు, అడుగున్నర పొడవు మాత్రమే ఉండేది. కూలీలు దానిని ‘ఎల్ కోర్తీతో’ అనేవారు. దాన్ని పట్టుకున్న మనిషి రోజంతా నడుము దగ్గర మడతపడినట్టు వంగి, సాళ్ల వెంట అలాగే ముందుకు సాగవలసిందే. పొడుగు పిడి ఇస్తే మొక్కలు పాడవుతాయని యజమానులు వాదించారు. అసలు సౌకర్యం వేరే ఉంది: పొట్టి పార చేతిలో ఉన్నప్పుడు ఎవరైనా నిటారుగా నిలబడితే పని ఆపాడని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. వెన్నుపూసలు అరిగిపోయిన కూలీల తరఫున గ్రామీణ న్యాయ సహాయ సంస్థ న్యాయవాది మారిస్ జోర్డేన్ పోరాడగా, 1975లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పుతో ఆ పార వాడకం ఆగిపోయింది. ఇరవై ఏళ్ల వయసులో దానిని పట్టుకున్నవారు డెబ్బై ఏళ్ల వయసులో ఊతం లేకుండా లేవలేని స్థితికి చేరారంటే, దాన్ని వయసు తెచ్చిన జబ్బుగా మాత్రమే రాసుకోవడం న్యాయం కాదు.

1965లో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, పేదల వైద్య పథకం మెడికెయిడ్ వచ్చాయి. మెడికేర్ ఆసుపత్రి బీమా ప్రీమియం లేకుండా దక్కాలంటే మనిషి గానీ జీవిత భాగస్వామి గానీ దాదాపు పదేళ్లు, అంటే 40 త్రైమాసికాలు, లెక్కలోకి వచ్చే పని చేసి ఉండాలి. పైన చెప్పిన రికార్డుల లోటు ఇక్కడ మళ్లీ దెబ్బతీసింది. పౌరులు కానివారికి ఇంకో షరతు ఉంది: శాశ్వత నివాస అనుమతితో పాటు అమెరికాలో వరుసగా ఐదేళ్ల నివాసం. క్యూబా శరణార్థులు సహా 65 ఏళ్లు దాటిన వలసదారులు దీనిని సవాలు చేయగా, 1976లో మాథ్యూస్ వర్సెస్ డియాజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతును ఏకగ్రీవంగా సమర్థించింది. డాలస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలు గ్రీన్‌కార్డుపై తల్లిదండ్రులను తెచ్చుకున్నప్పుడు ఐదేళ్లపాటు ప్రైవేటు బీమాల కోసం తిప్పలు పడేది ఈ షరతు వల్లనే.

లాటినోలను ఒక సమూహంగా లెక్కపెట్టడం కూడా ఆలస్యంగానే మొదలైంది. వారి గణాంకాలు విడిగా సేకరించాలన్న చట్టం 1976లో వచ్చింది. జనాభా లెక్కల్లో అందరినీ ఆ ప్రశ్న అడిగింది 1980లోనే. అంతకుముందు ఎందరు లాటినో వృద్ధులు ఏ జబ్బుతో, ఎంత రాబడితో ఉన్నారో దేశం మొత్తానికి చెప్పగల లెక్క లేదు. లెక్క లేని చోట కేటాయింపు కూడా ఉండదు. 1975లో లాస్ ఏంజెలెస్‌లో కార్మెలా లకాయో స్థాపించిన జాతీయ సంఘం ఈ పెద్దల కోసం గొంతు విప్పిన తొలి సంస్థల్లో ఒకటి. అంతకు మూడేళ్ల ముందే మయామీలోని లిటిల్ హవానాలో క్యూబన్ వృద్ధులకు భోజనం పెట్టే కేంద్రాలు మొదలయ్యాయి.

లెక్కలు వచ్చాక ఎవరూ ఊహించని విషయం బయటపడింది. 1986లో టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు కిరియాకోస్ మార్కిడెస్, జనీన్ కోరియల్‌తో కలిసి, నైరుతి రాష్ట్రాల లాటినోల రాబడి, చదువు నల్లజాతివారికి దగ్గరగా ఉన్నా వారి మరణాల రేటు తెల్లవారికి దగ్గరగా ఉందని చూపారు. తరువాత ఇది ‘హిస్పానిక్ వైరుధ్యం’గా పేరు పొందింది (లాటినోలను హిస్పానిక్‌లనీ అంటారు). 2010లో ప్రభుత్వం తొలిసారి లాటినోలకు విడిగా ఆయుర్దాయ పట్టికలు వెలువరించినప్పుడు, 2006 సంవత్సరానికి వారి ఆయుర్దాయం 80.6 ఏళ్లని, దేశ సగటు 77.7 ఏళ్లేనని తేలింది. వలస వచ్చేవారు ఆరోగ్యవంతులై ఉండడం, పొగతాగే అలవాటు తక్కువగా ఉండడం, జబ్బుపడిన కొందరు స్వదేశానికి వెళ్లిపోయి ఇక్కడి మరణాల లెక్కలోకి రాకపోవడం వంటి కారణాలు పరిశోధకులు చెప్పారు.

ఈ వైరుధ్యాన్ని శుభవార్తగా మాత్రమే చదివినవారు సగమే చదివారని నా అభిప్రాయం. మార్కిడెస్ బృందమే 1993లో ఐదు రాష్ట్రాల్లో 3,050 మంది మెక్సికన్ అమెరికన్ వృద్ధులతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి కొనసాగించిన అధ్యయనం ఆ మిగతా సగాన్ని చూపింది. వీరు ఎక్కువ కాలం బతుకుతున్నారు కానీ, ఆ అదనపు ఏళ్లలో చాలా భాగం స్నానానికి, నడకకు, మంచం దిగడానికి మరొకరి చేయి కావలసిన స్థితిలో గడుస్తోంది. మధుమేహం, దానితో ముడిపడిన జ్ఞాపకశక్తి లోపం ఈ కథలో పెద్ద పాత్రధారులు. ఆ చేయి అందించేది ఎక్కువగా కూతుళ్లు, కోడళ్లు; అందుకోసం ఉద్యోగం మానుకున్నప్పుడు వారి సొంత పింఛను ఖాతా కూడా ఖాళీ అవుతుంది.

1986లోనే రీగన్ సంతకం చేసిన వలస సంస్కరణ చట్టం సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఈనాడు పింఛను అందుకుంటున్న లాటినో వృద్ధుల్లో చాలామంది జీవితాలను మలుపు తిప్పింది ఆ చట్టమే. పదేళ్లకు గాలి తిరగబడింది. 1996 ఆగస్టులో క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ చట్టం కొత్తగా వచ్చే చట్టబద్ధ వలసదారులను కూడా ఐదేళ్లపాటు మెడికెయిడ్‌కు దూరం చేసింది. పేద వృద్ధులకు నెలనెలా నగదు ఇచ్చే పథకాన్ని పౌరసత్వానికో, 40 త్రైమాసికాల పనికో ముడిపెట్టింది. అప్పటికే ఆ నగదు మీద బతుకుతున్నవారిని రోడ్డున పడేయకుండా 1997లో వెనక్కి తగ్గారు గానీ, తరువాత వచ్చినవారికి ఆ దయ దక్కలేదు.

అనుమతి పత్రాలు లేనివారి సంగతి మరీ కఠినం. వారి జీతాల నుంచి పన్ను కోస్తూనే ఉన్నారు: పత్రాలు లేని కార్మికుల వల్ల 2010 ఒక్క ఏడాదిలో సోషల్ సెక్యూరిటీ నిధికి నికరంగా సుమారు 1,200 కోట్ల డాలర్లు చేరాయని ఆ శాఖ గణకులే అంచనా వేశారు. కిడ్నీలు పాడైతే మాత్రం చాలా రాష్ట్రాల్లో వారికి దొరికేది అత్యవసర డయాలసిస్ ఒక్కటే. మామూలు రోగి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుని ఇంటికి వెళతాడు. ఈ రోగి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆయాసపడుతూ ఆసుపత్రి అత్యవసర విభాగానికి రావాలి; రక్తపరీక్షలో పొటాషియం ప్రాణాపాయ స్థాయిలో ఉందని తేలితేనే యంత్రానికి కలుపుతారు, తేలకపోతే ఇంటికి పంపుతారు. 2018లో కొలరాడో వైద్యురాలు లిలియా సెర్వాంటెస్ బృందం ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇలా నెట్టుకొచ్చేవారికి ఐదేళ్లలో మరణించే ముప్పు క్రమబద్ధమైన డయాలసిస్ పొందేవారితో పోలిస్తే 14 రెట్లు ఎక్కువ. మరుసటి ఏడాది కొలరాడో తన నిబంధన మార్చుకుంది.

ఇక సంరక్షణ విషయానికి వస్తే, కుటుంబమే చూసుకుంటుందన్న మాటను లెక్కలు నిలబెట్టలేదు. 1999 నుంచి 2008 మధ్య నర్సింగ్‌హోముల్లో తెల్లజాతి వృద్ధుల సంఖ్య పది శాతం మేర తగ్గగా, లాటినో వృద్ధుల సంఖ్య 55 శాతం వరకు పెరిగింది. ఇంటి దగ్గరే సహాయం పొందే ఏర్పాట్లు, మంచి వసతులున్న ఖరీదైన గృహాలు దొరికినవారు నర్సింగ్‌హోములు వదిలి వెళ్లగా, ఖాళీ అయిన పడకల్లోకి వేరే దారి లేనివారు చేరారు. ఆ దారి ఎలా ఉండవచ్చో కాలిఫోర్నియా చూపింది. పెద్దలను ఇంట్లోనే చూసుకునే బంధువుకు ప్రభుత్వమే గంటల చొప్పున జీతమిచ్చే పథకం అక్కడ 1970ల నుంచి ఉంది. 1999లో లాస్ ఏంజెలెస్‌లో ఈ పథకం కింద పనిచేసే 74,000 మంది, ఎక్కువగా లాటినా, నల్లజాతి మహిళలు, ఓటు వేసి యూనియన్‌లో చేరారు. ఇంట్లో చేసే సేవ కూడా కూలీ ఇవ్వవలసిన పనేనని చెప్పిన ఈ ఘట్టానికి దక్కవలసినంత పేరు దక్కలేదు.

పౌరసత్వం ఉంటే చాలునా అంటే, కరీబియన్ సముద్రంలో అమెరికా అధీనంలో ఉన్న ప్యూర్టోరికో అనుభవం కాదంటుంది. ఆ ద్వీపవాసులు 1917 నుంచి అమెరికా పౌరులు. అయినా పేద వృద్ధుల, వికలాంగుల నగదు పథకం అక్కడ వర్తించదు. న్యూయార్క్‌లో ఆ సాయం పొందుతూ 2013లో ద్వీపానికి మారిన హోసే లూయిస్ వాయెయో మదేరో నుంచి ప్రభుత్వం 28,000 డాలర్లకు పైగా తిరిగి కోరగా, 2022లో సుప్రీంకోర్టు ఆ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని తీర్పునిచ్చింది. 2017 నాటి మరియా తుపాను తరువాతి నెలల్లో అక్కడ అదనంగా సంభవించిన 2,975 మరణాల్లో వృద్ధులే అధికంగా నష్టపోయారు.

కోవిడ్ ఆ ఆయుర్దాయపు ఆధిక్యాన్ని కూడా కోసేసింది. 2019లో దాదాపు 82 ఏళ్లున్న లాటినోల ఆయుర్దాయం 2021 నాటికి 78 లోపుకు పడిపోయింది. మాంసం శుద్ధి కర్మాగారాల్లో, పొలాల్లో, వంటశాలల్లో పనిచేసే పిల్లలు సాయంత్రం తిరిగి వచ్చేది తాతమ్మలున్న ఇంటికే కదా! ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డు రాదన్న భయాన్ని 2020లో అమల్లోకి వచ్చిన నిబంధన ఆ సమయంలోనే పెంచింది. 2021లో దానిని ఉపసంహరించారు.

ఆ తరువాత రాష్ట్రాలు కొంత ముందడుగు వేశాయి. పత్రాలతో నిమిత్తం లేకుండా పేద వృద్ధులకు వైద్యం అందించే పథకాన్ని ఇల్లినాయిస్ 2020 చివర్లో తెచ్చింది. కాలిఫోర్నియా 2022 మేలో 50 ఏళ్లు దాటినవారికి, 2024 జనవరిలో మిగతా వయోజనులకు మెడికెయిడ్ ఇచ్చింది. బడ్జెట్ లోటు చూపి 2026 జనవరి నుంచి పత్రాలు లేని వయోజనుల కొత్త చేరికలను కాలిఫోర్నియా ఆపేసింది. రెండు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి పింఛను లెక్కకట్టేందుకు అమెరికా, మెక్సికో 2004 జూన్‌లో సంతకం చేసిన ఒప్పందం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. దాంతో అమెరికా పొలాల్లో ఏడేళ్లు, మెక్సికోలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి ఆ ఏడేళ్లపై అమెరికా నుంచి రావలసిన పింఛను నేటికీ రావడం లేదు.